జెడ్డా ఐస్ మీద ఆరో పిల్ల

ఎడారి దేశంలో ఐస్ హాకీ ఆడుతున్నారనీ, ఆడేది ఆడపిల్లలనీ చెబితే మీకు నవ్వు వస్తుందా? వస్తే, ఆ నవ్వు ఎడారిని తలుచుకుని వచ్చిందో, ఆడపిల్లల్ని తలుచుకుని వచ్చిందో ముందు తేల్చుకోండి. మొదటిదైతే తప్పు లేదు, నాకూ వచ్చింది. కరెంటూ కంప్రెసరూ ఉన్నచోట నీళ్లు ఏ దేశంలోనైనా గడ్డకడతాయి. అది ఎనిమిదో తరగతి పాఠం. రెండోదాన్ని తలుచుకుని వచ్చిన నవ్వుకు మాత్రం ఏ తరగతి పుస్తకంలోనూ జవాబు లేదు.

నేను నంద్యాలలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన మనిషిని. సాయంత్రాలు సభల్లో నిలబడి బాబాల మీదా ముహూర్తాల మీదా వాదించడం నా రెండో ఉద్యోగం. సౌదీ ప్రభుత్వం టూరిస్టు వీసాలు ఇవ్వడం మొదలుపెట్టిన చలికాలంలో, నా దగ్గర చదువుకున్న నస్రీన్ జెడ్డా నుంచి ఫోన్ చేసింది. "ఇంగ మీరు రావడానికి అడ్డమేమీ లేదు మేడమ్. మా పాప మంచు మీద హాకీ నేర్చుకుంటాంది, వచ్చి చూడండి" అంది. విమానంలో నా చుట్టూ అందరూ మక్కాకు పోతున్నవాళ్లే. ఆట చూడటానికి పోతున్నది నేనొక్కదాన్నే.

షరఫియా

నస్రీన్ వాళ్లది షరఫియాలో రెండు గదుల ఇల్లు. భర్త ఖలీల్ ఏసీ టెక్నీషియన్, అతనిదీ నంద్యాలే. కూతురు సుమయ్యకు పదేళ్లు. నేను వెళ్లేసరికి ఆ పిల్ల హాకీ హెల్మెట్ టీవీ పక్కన పూలకుండీ ఉండాల్సిన చోట ఉంది.

షరఫియా వీధుల్లో నడుస్తుంటే పరాయి దేశంలో ఉన్నట్టు తోచదు. దర్జీలు, చీరల దుకాణాలు, ఇంటికి డబ్బు పంపే కౌంటర్ల ముందు వరసలు. మలయాళీ హోటల్లో పరోటా, కోడికూర, పాలు లేని సులైమానీ టీ. టీ రెండు రియాళ్లు. మా ఊళ్లో ఆ డబ్బుకు నలుగురం తాగొచ్చునని పైకే అన్నాను. "లెక్కేసుకుంటా తాగితే ఇక్కడ గొంతు దిగదు మేడమ్" అన్నాడు ఖలీల్.

ఆ హోటల్లోనే చిన్న పొరపాటు చేశాను. ఆడవాళ్లకూ కుటుంబాలకూ వేరే తలుపు ఉందని తెలియక మగవాళ్లు వెళ్లే తలుపులోంచి నేరుగా లోపలికి నడిచాను. తినేవాళ్లంతా ముద్ద ఆపి చూశారు. నేను వెనక్కి తిరగబోతే గల్లా దగ్గరి మలయాళీ చెయ్యి ఊపాడు. ఈ మధ్యే ఆ రూలు తీసేశారట, ఏ తలుపైనా ఒకటేనట. బోర్డు మాత్రం ఇంకా తీయలేదు. ఒంటినిండా కప్పే అబాయా కూడా తప్పనిసరి కాదన్నారు. చీర మీద శాలువా కప్పుకుని అన్ని రోజులూ తిరిగాను, ఎవరూ ఒక్క మాట అనలేదు. బొట్టు పెట్టుకోనందుకు నంద్యాలలో నేను పడిన మాటలు అన్నీ ఇన్నీ కావు.

ఒక వరసలో నాలుగు దుకాణాలు మూసి ఉంటే ఎందుకని అడిగాను. నితాకత్ అన్నాడు ఖలీల్. కంపెనీలో, దుకాణంలో ఇంతమంది సౌదీలను పనిలో పెట్టుకోవాలని రూలు. పెట్టుకున్నవాళ్లకు పచ్చ రంగు, లేనివాళ్లకు ఎరుపు, మధ్యలో ఊగేవాళ్లకు పసుపు. ఎరుపులో పడితే కొత్త వీసాలు రావు, ఉన్న పర్మిట్లు సాగవు. దానికి తోడు లెవీ. భార్యాబిడ్డల్ని దగ్గర పెట్టుకున్న ప్రతి పరాయి దేశస్థుడూ తలకు ఇంత అని నెలనెలకూ కట్టాలి, అది ఏటా జూలైలో పెరుగుతుంది.

"మా కంపెనీ ఇప్పుడు పసుపులో ఉండాది మేడమ్" అన్నాడు, ఒంట్లో బాగాలేని మనిషి సంగతి చెబుతున్నట్టు.

రింకు

శనివారం ఉదయం ఒక మాల్‌కు తీసుకువెళ్లారు. పై అంతస్తులో ఐస్ రింకు, అంటే జారి ఆడే మంచు మైదానం. మాల్ తెరవకముందు ఒక గంట సేపు అది ఆడవాళ్లకే. అద్దాలకు తెరలు దించుతారు, మగవాళ్లంతా బయటికి పోవాలి, ఫోన్లు కౌంటర్లో ఇచ్చేయాలి. టికెట్లు ఇచ్చే సౌదీ యువతి నా ఫోను తీసుకుని నంబరు బిళ్ల ఇచ్చింది. ఆమె పేరు అమల్, ఉద్యోగంలో చేరి మూడు నెలలైందట. ఖలీల్ నెత్తిన కూర్చున్న రూలే ఈ అమ్మాయికి కుర్చీ వేసింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం నాకు చేతకాదు.

లోపల ఐదుగురు ఆడపిల్లలు హెల్మెట్లు పెట్టుకుని, అడుగున కత్తి బిగించిన స్కేటు బూట్లతో, కర్రలు పట్టుకుని, నల్లటి రబ్బరు బిళ్ల వెంట దూసుకుపోతున్నారు. ఆ బిళ్లను పక్ అంటారు. నేను చెప్పులతో వెళ్లాను. పది నిమిషాల్లో నా కాలివేళ్లు నావి కాకుండా పోయాయి.

కోచ్ పేరు గ్రేస్, ఒక ఆసుపత్రిలో నర్సు. మనీలాలో మాల్ రింకు మీద ఆడుతూ పెరిగిందట. సెలవు పూట జీతం లేకుండా ఈ పిల్లలకు నేర్పుతుంది. ఆమె పద్ధతి నాకు నచ్చింది. కొత్త పిల్లకు మొదటి రోజు నడక నేర్పదు, పడటం నేర్పుతుంది. మోకాళ్లు వంచి పక్కకు పడాలి, పిడికిళ్లు మూసుకోవాలి, లేచేటప్పుడు ఒక మోకాలి మీద చేతులు ఆనించి లేవాలి. ఇరవై సార్లు పడి ఇరవై సార్లు లేచాకే కర్ర చేతికిస్తుంది. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. తప్పు ఎలా చేయాలో మొదటి రోజు ఎవరికీ నేర్పలేదు.

సుమయ్యకు పడటం బాగా వచ్చింది. చిక్కేమిటంటే, అది తప్ప ఇంకేమీ రాలేదు. రెండడుగులు జారుతుంది, చీలమండలు లోపలికి ఒరుగుతాయి, కూలబడుతుంది. మూడు వారాలుగా ఇదే వరసట.

గంట అయిపోయాక వరండాలో రింకు మేనేజరు గ్రేస్‌ను ఆపాడు. ఈజిప్టు మనిషి, మర్యాదస్తుడు. మొదట్లో ఈ జట్టులో తొమ్మిది మంది ఉండేవాళ్లు. లెవీ కట్టలేక కుటుంబాలు ఒక్కొక్కటే పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, మళ్లీ రాకుండా స్వదేశాలకు వెళ్లిపోతుంటే ఐదుగురు మిగిలారు. ముగ్గురు ఇటూ ముగ్గురు అటూ ఆడినా ఆరుగురు కావాలి. వచ్చే శనివారం ఆరుగురు గంటసేపు ఆట ఆడితే ఈ గంట వాళ్లదే. ఆడలేకపోతే పుట్టినరోజు పార్టీలకు ఇచ్చేస్తానన్నాడు. ఆ ఆరో పిల్ల సుమయ్య.

ఇంటికి వచ్చాక నస్రీన్ అంది, "మీరు నమ్మరని నాకు తెలుసు మేడమ్. కానీ పాపకు ఎవురిదో దిష్టి తగిలిండాది. హెల్మెట్ పెట్టుకున్న ఫోటో ఊర్లో అందరికీ పంపినా, ఆపొద్దు నుంచే పడతాంది."

"మూడు వారాల కింద పంపావా?"

"అవును."

"పాప ఐస్ ఎక్కింది కూడా మూడు వారాల కిందటేగా?"

"చూసినారా, సరిగ్గా అప్పుడే" అంది, తన వాదం గెలిచినట్టు.

నేను బాల్కనీలోకి వెళ్లి వచ్చేలోగా ఎండుమిరపకాయలు పాప చుట్టూ తిప్పి స్టవ్ మీద వేసేసింది. పై అంతస్తు మలయాళీలు దగ్గుకుంటూ మెట్లు దిగి వచ్చారు. వాళ్లకు క్షమాపణలు చెప్పి పంపించాక నేను సుమయ్యను కూర్చోబెట్టి అరగంట మాట్లాడాను. ఇది భయం తప్ప వేరేమీ కాదనీ, భయం మనసులో పుడుతుందనీ, ధైర్యంగా ఉంటే కాళ్లు నిలబడతాయనీ చెప్పాను. నన్ను అమ్మమ్మ వరసలో నానీ అని పిలిచే ఆ పిల్ల అంతా విని, "నాకు భయంగా లేదు టీచర్ నానీ" అంది. ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోలేదు.

జిజాన్

బడికి చలికాలం సెలవులు. ఖలీల్‌కు జిజాన్‌లో ఒక శీతల గిడ్డంగి రిపేరు పని పడితే అందరం కారులో బయలుదేరాం. ఎర్రసముద్రం పక్కనే దక్షిణానికి ఒక పగలంతా ప్రయాణం. దారి పొడవునా నస్రీన్ ఇచ్చిన జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి. నంద్యాల నుంచి వచ్చే ప్రతివాళ్ల పెట్టెలోనూ జొన్నపిండి తెప్పించుకుంటుందట.

జిజాన్‌లో దిగాక తెలిసింది, అంత శ్రమ అక్కర్లేదని. అక్కడి చేలలో జొన్న పండుతుంది. మట్టి పొయ్యి లోపలి గోడకు కొట్టి కాల్చిన జొన్నరొట్టె, పక్కన కాల్చిన చేప. ఇంకోచోట రొట్టెను ముక్కలు చేసి అరటిపండు, నెయ్యి, తేనె వేసి పిసికి పెట్టారు. మర్సా అంటారు. పీర్ల పండక్కి పెట్టే మలీదా ముద్ద తిన్నవాళ్లకు ఆ రుచి వేరే చెప్పక్కర్లేదు. హోటలు యజమాని ముసలాయన. నేను రొట్టె విరిచిన తీరు చూసి ఈమెది ఏ వూరని ఖలీల్‌ను అరబ్బీలో అడిగాడట. చెబితే, "అక్కడా జొన్న ఉందా, అయితే మనవాళ్లే" అన్నాడట. ఇంకో రొట్టె తెచ్చి నా పళ్లెంలో వేశాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

సంతలో మల్లెపూలు అమ్ముతున్నారు. మూర పది రియాళ్లు. కొనేవాళ్లు మగవాళ్లు. దండ తలకు చుట్టుకుని, మీసం దువ్వుకుని, బేరం ఆడుతున్నారు. దగ్గరి కొండల్లో అది మగవాళ్ల అలంకారమేనట. భర్త పోయిన ఆడదాని తలలో పువ్వు కనబడితే వీధి వీధంతా తల తిప్పే ఊరు నాది. నేను పన్నెండేళ్లుగా ఒంటరి మనిషిని. ఒక మూర కొనుక్కుని కొప్పులో పెట్టుకున్నాను. నస్రీన్ చూసి, "బాగున్నాయి మేడమ్" అని మాత్రం అంది.

సాయంత్రం సముద్రం ఒడ్డున సుమయ్య ఇసుకలో కర్రముక్కతో గవ్వను కొడుతూ ఆడుకుంటోంది. నస్రీన్ తక్కువ గొంతుతో సంగతి చెప్పింది. జూలైలో లెవీ మళ్లీ పెరుగుతుంది. పరీక్షలు కాగానే తనూ పాపా నంద్యాలకు వచ్చేస్తారు. ఖలీల్ ఒక్కడే గదిలో ఉండిపోతాడు, కంపెనీ పసుపులోంచి ఎరుపులో పడేదాకా.

"పాపకు తెలుసా?"

"వచ్చేది తెలుసు. అందుకే మేడమ్ నాకు ఇంత తండ్లాట. ఇంగ ఉండేది ఐదు నెలలు. ఆ ఐదు నెలలన్నా ఆడుకోనీ. అది ఆ మంచు కోసమే శనివారం పొద్దున మనం లేపకుండా లేస్తాది."

ఆమె కళ్లు తుడుచుకుంది. దిష్టి తీసిన చెయ్యి కూడా అదేనని నాకు అప్పుడు తట్టింది. నా కోపం కొంచెం తగ్గింది. అభిప్రాయం మారలేదు.

మళ్లీ జెడ్డా, శుక్రవారం

గడువు ఇంకొక్క వారం పెంచమని అడుగుదామని శుక్రవారం మధ్యాహ్నం నేనూ నస్రీనూ రింకుకు వెళ్లాం. మేనేజరు కాఫీ ఇచ్చాడు, గడువు ఇవ్వలేదు. బయటికి వచ్చి మాట్లాడుకుంటుంటే, మంకీ క్యాపు, మందపాటి జాకెట్టు వేసుకున్న మనిషి ఒకాయన దగ్గరికి వచ్చాడు.

"తెలుగు ఇనవడ్డది మేడం, అందుకే వచ్చిన. ఏ ఊరు మీది?"

చెప్పాం. ఆయన పేరు లింగం, జగిత్యాల దగ్గరి పల్లె. కూలిపనికి వచ్చి, ఎనిమిదేళ్లుగా ఈ రింకులో ఐస్ చదును చేసే మిషను నడుపుతున్నాడు. ఆ మిషను కింద కత్తి ఐస్‌ను పలచగా చెక్కుతుంది, వెనక గుడ్డ వేడినీళ్లు పూస్తుంది.

"వేడినీళ్లా?" అన్నాను.

"వేడియే మేడం. సల్లటియి పోస్తే పైపైన పెచ్చు కడ్తది. వేడియి పోస్తే కింది ఐస్ జెరంత కరిగి, రెండు కల్సి గట్టిగ పడ్తది. మా ఊరోళ్లకు జెప్తె నేను తాగి మాట్లాడుతున్న అంటరు."

నస్రీన్ నవ్వింది. ఆ వారంలో నేను విన్న మొదటి నవ్వు అది. తర్వాత ఆయనే అడిగాడు.

"శనివారం పడే పిల్ల మీ పిల్లేనా అమ్మా?"

నస్రీన్ నవ్వు ఆగిపోయింది. "నువ్వెట్ల చూసినావన్నా? ఆ టైములో మగవాళ్లను రానీరు కదా."

"నేనేడ జూస్త? తెర ఏస్తరు, నేను బయటికి పోత. మీరు పోయినంక మిషిన్ ఎక్కుత. ఐస్ మీద గీతలుంటయ్ గద, అండ్ల జూసిన."

అద్దం మీద పట్టిన చెమ్మలో వేలితో గీసి చూపించాడు. బాగా ఆడే పిల్ల వదిలే గీత సన్నగా, కొడవలిలా వంగి ఉంటుంది. ఐదు జతల గీతలు అలాంటివే. ఆరో జత వేరు. వెడల్పుగా, లోపలి వైపు గీకినట్టు, రెండు గీకుళ్ల తర్వాత మోకాలి గుంట.

"మొదాల పిల్లకు శాతగాదనుకున్న. మూడు వారాలు అదే తీరుగ ఉండేసరికి సమజైంది. కాలు బూటు లోపట తిరుగుతున్నది. బూటు పెద్దగున్నది, అంతే. పిల్ల తప్పేం లేదు."

"మూడు వారాలుగా తెలిస్తే ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో.

"ఎవలకు జెప్పాలె మేడం? ఆడపిల్లల సంగతి మొగోడు మాట్లాడితే ఉద్యోగం పోతది. నన్ను ఎవలన్న అడిగిన్రా?"

అడగలేదు. నస్రీన్ మిరపకాయల్ని అడిగింది, నేను నా సిద్ధాంతాన్ని అడిగాను. బూటును ఇద్దరం అడగలేదు. దిష్టి అన్న మాటకు ఆధారం లేదని వాదించిన నేను, భయం అన్న మాటకు ఏ ఆధారం చూపించాను? పిల్ల స్వయంగా భయం లేదని చెప్పినా విననిదాన్ని, నాకూ మిరపకాయల పొగకూ పెద్ద తేడా లేదు. గీతలు చూసి, మూడు వారాలు పోల్చుకుని, తన మొదటి అనుమానాన్ని తానే కొట్టేసుకున్నవాడు లింగం. అక్కడ హేతువాది ఆయనొక్కడే.

ఇంటికి వెళ్లి సుమయ్య చేత స్కేట్లు తొడిగించాం. రెండు జతల మేజోళ్లు, బొటనవేలి ముందు గుప్పెడు దూది. దూది తీసి మడమ వెనక నొక్కితే నా చేతి బొటనవేలు మొత్తం లోపలికి దిగింది. ఐస్ స్కేటు మామూలు బూటు కంటే బిగుతుగా ఉండాలి, నిలబడితే వేలికొన ముందుకు తగలాలి. ఆ సంగతి గ్రేస్ ఫోన్లో చెప్పింది. పాపం ఆమె మొదటి రోజే అడిగిందట, సైజు సరిపోయిందా అని. సరిపోయిందని ఖలీల్ చెప్పాడట.

పని నుంచి అప్పుడే వచ్చిన ఖలీల్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"ఎగ్జిట్ మీద పోతాండే ఫిలిప్పీన్ వాళ్ల దగ్గర కొన్న్యా. పాప సైజువి కూడా ఉన్న్యాయి" అన్నాడు మెల్లగా. "రెండు సైజులు పెద్దవే తీసుకున్న్యా మేడమ్. వచ్చే యాడాది కూడా వస్తాయని."

వచ్చే ఏడాది ఆ పిల్ల ఎక్కడ ఉంటుందో అక్కడున్న అందరికీ తెలుసు. కొన్న రోజున అతనికీ తెలుసు. బడి బూట్లు, లంగాలు, స్వెటర్లు, అన్నీ ఒక ఏడాది ముందుకు కొనే చేతులు మనవి. ఆ అలవాటు లెవీని అడిగి నడవదు.

నస్రీన్ ఆ దూది ఏరి పక్కన పెట్టింది. "పోనీ లేప్పా. నేను మిరపకాయలు కాల్చినా, నువ్వు దూది పెట్టినావు. ఇద్దరం కలిసి పాపను పడేసినాం."

గ్రేస్ ఫోన్ల మీద ఫోన్లు చేసింది. జట్టులో అందరికన్నా పెద్దపిల్ల నూరా, సౌదీ అమ్మాయి, పన్నెండేళ్లు. దాని పాత స్కేట్లు ఇంట్లో ఉన్నాయి. వాళ్లమ్మ సంధ్యవేళకు తనే కారు నడుపుకుంటూ షరఫియా సందులోకి వచ్చింది. కారు వెనక్కి తీయడానికి వీలుకాక ఇబ్బంది పడుతుంటే దర్జీలంతా తలా ఒక సలహా అరిచారు. ఆమె ఎవరి సలహా వినకుండా తీసింది. సుమయ్య కాలికి నూరా పాతవి పట్టాయి. సుమయ్య పెద్ద స్కేట్లు నూరాకు పట్టాయి. ఇద్దరమ్మలకూ ఉమ్మడి భాష లేదు. స్కేట్లు మార్చుకుని, ఖర్జూరాలు తిని, చేతులు పట్టుకుని విడిపోయారు.

ఆట

శనివారం అమల్ కాగితం, కలం పట్టుకుని అద్దం పక్కన నిలబడింది. మేనేజరు లోపలికి రాకూడదు కనుక లెక్క ఆమె చూసి చెప్పాలి. ముగ్గురు ఇటు, ముగ్గురు అటు.

సుమయ్య ఎక్కగానే పడింది. నస్రీన్ నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. పిల్ల లేచి, "టైటుగా ఉండాయి, నొప్పి" అని అరిచింది. "అట్లే ఉండాలంట, ఆడు" అని తల్లి తిరిగి అరిచింది. తర్వాత నాలుగడుగులు, పది అడుగులు, మలుపు. మలుపులో పడి, లేచి, మళ్లీ. బిళ్ల దాని దగ్గరికి రెండుసార్లే వచ్చింది. ఒకసారి గాలిని కొట్టింది. రెండోసారి దాన్ని నూరా వైపు తోసింది, నూరా గోల్ కొట్టింది. సుమయ్య జట్టు ఓడిపోయింది, ఎంత తేడాతోనో ఎవరికీ గుర్తులేదు. అమల్ కాగితం మీద ఆరు పేర్లు రాసి, కింద సంతకం పెట్టి, మేనేజరుకు ఇవ్వడానికి పోయింది. ఆ గంట వాళ్లకు మిగిలింది.

తెరలు ఎత్తాక లింగం మిషను తోలుకుంటూ వచ్చాడు. ఎక్కబోయి ఆగి, వంగి ఐస్ అంతా ఒకసారి చూశాడు. "ఇయ్యాల ఆరు జతలు సక్కగున్నయ్ మేడం" అని, వాటన్నిటినీ చెరిపేసుకుంటూ సాగిపోయాడు.

బయట ఎండలోకి వచ్చేసరికి లోపలి చలికి చల్లబడిన నా కళ్లద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనిపించలేదు. నా పక్కన స్కేట్ల సంచి భుజాన వేసుకుని నడుస్తున్న సుమయ్య గొంతు మాత్రం వినిపించింది.

"టీచర్ నానీ, మేము జూన్‌లో వచ్చేస్తాం కదా. నంద్యాలలో ఆడపిల్లలకు టైము ఎప్పుడు? శనివారమేనా?"

ఉందా లేదా అని ఆ పిల్ల అడగలేదు. ఎప్పుడని అడిగింది. ముప్పై ఏళ్లు ఆ ఊరి బడిలో పనిచేసిన నేను, కళ్లద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించి, కారు దాకా నడిచాను.

నంద్యాలకు ఐస్ రింకు తెమ్మని మిమ్మల్ని అడగడం లేదు. రేపు సోమవారమో, ఏ పనిదినమో, మీ ఊరి హైస్కూలుకు వెళ్లండి. హెడ్మాస్టరు గదిలో కూర్చుని, ఈ మైదానం వారానికి ఒక గంట ఆడపిల్లలకే అని టైంటేబుల్లో రాయించండి. ఖోఖో అయినా సరే, కబడ్డీ అయినా సరే, హాకీ అయినా సరే. నేర్పేవాళ్లు లేరంటే మీరు నిలబడండి. రోజు, గంట, రెండూ అంకెల్లో రాసి నోటీసు బోర్డుకు అంటించేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.